8 జీబీ ర్యామ్‌లో సర్వో బిల్డ్: 'స్క్రిప్ట్' క్రేట్ దగ్గర ఆగిపోతోంది, ఎలా దాటించాలి?

ఉబుంటు, 4 కోర్లు, 8 జీబీ ర్యామ్. సర్వో (ప్రధానంగా రస్ట్ భాషలో రాసిన బ్రౌజర్ ఇంజిన్) సోర్స్‌లో 'మాక్ బూట్‌స్ట్రాప్' (బిల్డ్‌కి కావాల్సినవి సిద్ధం చేసే కమాండ్) సాఫీగా అయింది. 'మాక్ బిల్డ్ --రిలీజ్' ఇస్తే స్పైడర్‌మంకీ అనే జావాస్క్రిప్ట్ ఇంజిన్ కూడా దాటింది (అది సీ ప్లస్ ప్లస్, సర్వో అంతా రస్టే అనుకునేవాళ్లు ఇక్కడే ఉలిక్కిపడతారు). 'స్క్రిప్ట్' క్రేట్ (రస్ట్‌లో ఒక కోడ్ ప్యాకేజీ) దగ్గర మాత్రం రస్ట్ కంపైలర్ సిగ్నల్ 9తో చచ్చిపోతోంది. కెర్నల్ లాగ్‌లో మెమరీ చాలక చంపినట్టే ఉంది, కాబట్టి కోడ్ తప్పు కాదు.

జాబ్స్ (ఒకేసారి నడిచే కంపైల్ పనులు) 2కి తగ్గించినా లాభం లేదు. ఒకేసారి నడిచే క్రేట్ల సంఖ్య తగ్గుతుంది గానీ, డామ్ (వెబ్ పేజీలోని భాగాలను ప్రోగ్రామ్‌కి అందించే నిర్మాణం) కోడ్ అంతా కుక్కిన ఆ ఒక్క క్రేట్ చిన్నదైపోదుగా! 8 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) పెడితే దాటుతుంది, కానీ డిస్క్ మీద నత్తనడక, నరకం.

తెలుగు ఒత్తుల షేపింగ్ (అక్షరాలను సరైన రూపంలో అమర్చే) కోడ్ మార్చి చూడాలి, అందుకే రెడీమేడ్ నైట్లీ (రోజూ వచ్చే సిద్ధమైన బిల్డ్) పనికిరాదు. అడిగేది ఇది: వెబ్‌జీపీయూ (గ్రాఫిక్స్), వెబ్‌ఎక్స్‌ఆర్ (వీఆర్, ఏఆర్) ఫీచర్లు ఆపేస్తే 'స్క్రిప్ట్' చెప్పుకోదగ్గంత తేలికవుతుందా? కోడ్‌జెన్ యూనిట్లు (కంపైలర్ ఒక క్రేట్‌ని విడగొట్టే ముక్కలు) పెంచాలా, తగ్గించాలా? డీబగ్ బిల్డ్‌కి మారి, డీబగ్ సమాచారాన్ని లైన్ టేబుళ్లకే (లైన్ నంబర్లకే) పరిమితం చేస్తే లింకర్ (ముక్కలన్నీ కలిపి ప్రోగ్రామ్ చేసేది) 8 జీబీలో ఇముడుతుందా? చేసి చూసినవాళ్లు కార్గో (రస్ట్ బిల్డ్ టూల్) సెట్టింగులతో సహా చెప్పండి. ర్యామ్ కొనమనే సలహా వద్దు, సోల్డర్ చేసిన బోర్డు.