పాత టేకు తలుపుల ఎనామిల్‌ని హీట్ గన్‌తో తీయొచ్చా?

కందుకూరు టేకు: నాలుగు టేకు తలుపులు, ద్వారబంధాలతో సహా. ఐదారు పూతల ఎనామిల్ పేరుకుపోయింది: పైన ఆకుపచ్చ, దాని కింద పసుపు, అడుగున ఎరుపు. మేస్త్రి బ్లోల్యాంపుతో కాల్చి గీకేద్దామంటున్నాడు. వేడిగాలి ఊదే 2000 వాట్ల హీట్ గన్ కూడా అద్దెకు దొరుకుతుంది. తీశాక పాలిష్ వేయించాలి. ద్వారబంధాల మీద నగిషీ ఉంది, ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఎంత వేడి పెట్టాలి, ఎలా చెయ్యాలి?

ఒంగోలు చెక్కపని: బ్లోల్యాంపు వద్దే వద్దండీ. పెయింటు మెత్తబడితే చాలు, కాలక్కర్లేదు. ఇంటి పెయింట్ల తయారీలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన పసుపు, ఆకుపచ్చ, ఎరుపు ఎనామిళ్లలో సీసం ఉందనే అనుకుని పని చెయ్యండి. అడుగున ఉన్న ఎరుపు ఇనుముతో చేసే రెడ్ ఆక్సైడో, సీసపు సింధూరమో కంటికి తెలియదు. మంట తగిలితే ఆ సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికాలో సీసం పెయింటు మీద 593 డిగ్రీల సెల్సియస్ దాటిన హీట్ గన్ వాడనివ్వరు. మీరు 350 దగ్గర మొదలుపెట్టండి, 450 దాటొద్దు.

బందులు విప్పి రెక్కల్ని పెరట్లో బల్లల మీద పరవండి. నాజిల్ చెక్కకి రెండంగుళాల దూరంలో ఉండాలి, ఒకచోట ఆపకుండా ఆడిస్తూ ఉండాలి. అరచేతి వెడల్పున పెయింటు ఉబ్బి ముడతపడగానే వెనకే స్క్రేపరు, చెక్క చార వెంటే. బ్లేడు మూలల్ని ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, లేకపోతే మెత్తబడ్డ టేకులో గాట్లు పడతాయి. పొగ లేచిందంటే వేడి ఎక్కువైనట్టే.

గీకిన పొట్టు రేకు డబ్బాలో పడాలి. చల్లారాక సంచిలో మూటకట్టాలి. పెరట్లో తగలబెట్టొద్దు, చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. సన్నటి దుమ్ముని ఆపే పీ100 ఫిల్టర్ మాస్కు కావాలి, ముఖానికి గుడ్డ కట్టుకుంటే చాలదు. పని బట్టలు విడిగా ఉతకండి. పని అయ్యి, అంతా తుడిచేదాకా పాప ఆ ఇంట్లో ఉండకూడదు.

నెల్లూరు వైరింగ్: 2000 వాట్లంటే దగ్గర దగ్గర 9 ఆంపియర్లు. ఫ్యాను పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే సాకెట్ కరుగుతుంది. గీజరు పెట్టే 16 ఆంపియర్ల పాయింటు నుంచే తీసుకోండి. ఎక్స్‌టెన్షన్ 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరుతో ఉండాలి. చుట్ట మొత్తం విప్పి వాడండి, చుట్టలో ఉన్న వైరు వేడెక్కుతుంది.

కావలి పాలిష్: పాలిష్ కోసమైతే చివరి పూత దాకా వేడితో పోవద్దు. ప్రైమరు కనపడగానే ఆపి, మిగతాది పెయింట్ రిమూవర్‌తో (పెయింటుని మెత్తబరిచే రసాయనం) తీయండి. టేకు కొంచెం మాడినా మళ్లీ పెయింటు వేస్తే కప్పుకుంటుంది, పాలిష్ కింద మాత్రం గోధుమరంగు మచ్చగా కనపడుతుంది. రిమూవర్ పూసిన చోట మళ్లీ గన్ పెట్టకండి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకం ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు అవుతుంది. నగిషీలో గన్ తగ్గించి, చెక్కిన వెదురుపుల్లతో గీకండి. అద్దాలుంటే రేకు అడ్డం పెట్టండి, ఒకవైపే వేడెక్కితే పగులుతాయి. చివర్న ఎమరీ పేపరు తడిపే రుద్దండి, పొడి దుమ్ములోనూ సీసం ఉంటుంది.

కందుకూరు టేకు: ద్వారబంధాలు ఊడవు. వాటిని గోడలో ఉండగానే చెయ్యొచ్చా?

ఒంగోలు చెక్కపని: అసలు ప్రమాదం అక్కడే అన్నా. బంధానికి, గోడకి మధ్య సందులో చెదపుట్ట మట్టి, ఎండు దుమ్ము, చెక్కపొట్టు ఉంటాయి. వేడిగాలి దూరితే లోపలే రాజుకుని, గంటల తర్వాత మంట లేస్తుంది. ముందు ఆ సందు తడిగుడ్డతో శుభ్రం చేసి, సిమెంటు పట్టీతో మూసెయ్యండి. సందు దగ్గర గన్ అసలు వాడకుండా చేతి స్క్రేపరుతోనే కానివ్వండి. పడమటి గాలి తోలే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. బకెట్ నీళ్లు పక్కనే ఉండాలి, గన్ ప్లగ్ తీశాకే వాటిని ముట్టుకోండి. మధ్యాహ్నానికల్లా గన్ ఆపేస్తే సాయంత్రం దాకా గంటకోసారి చెయ్యి పెట్టి చూడొచ్చు. ఎక్కడైనా వెచ్చగా తగిలితే పట్టీ తవ్వి నీళ్లు పొయ్యండి.