కాలు ‘డస్సింది’ అనొచ్చా?

కరపత్రం రాస్తున్నామె: కాళ్లకు రక్తం సరిగా అందని జబ్బు గురించి రాస్తున్నాను. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, కాసేపు నిలబడితే వదిలేస్తుంది. దీనికి ‘డస్సు’ (అలసిపోవు) సరిపోతుందా? పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడి పద్యం నాలుక మీద ఆడుతోంది: ‘తావుల్ దప్పెను మూర్ఛ వచ్చె తనువున్ డస్సెన్’.

పద్యప్రియుడు: ‘ఠావుల్’ అండి.

కరపత్రం రాస్తున్నామె: తావన్నా ఠావన్నా చోటే కదా!

పద్యప్రియుడు: అర్థం ఒప్పుకున్నా యతి ఒప్పుకోదు. ఈ పద్యం శార్దూల ఛందస్సు. అందులో 13వ అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగాల్సిన చోటు. లెక్కపెట్టండి, అక్కడ ‘డస్సెన్’లోని డ పడుతుంది. డకి ఠతో చెల్లుతుంది, తతో చెల్లదు. పోతన్నకి ఆ మాత్రం తెలీదా!

డాక్టరు: యతి సంగతి సరే. డస్సడం ఒళ్లంతటికీ, ఇది ఒక్క కండరానికి. నడిచేటప్పుడు పిక్క అడిగినంత రక్తం ఇరుకైన ధమని పంపలేదు. అందుకే దాదాపు అదే దూరంలో పట్టేస్తుంది, ఎత్తు ఎక్కితే ఇంకా ముందే. ఈ జబ్బు తీవ్రతను నాలుగుగా విడదీసే ఫోంటేన్ దశల్లో ఇది రెండోది. 200 మీటర్లు దాటాక వస్తే ఒక రకం, లోపే వస్తే మరో రకం. మొదటి దశలో బాధే తెలీదు. మూడులో కదలకపోయినా నొప్పే: రాత్రి పడుకోగానే పాదం, వేళ్లు. మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే కాస్త తగ్గుతుంది. నాలుగులో మానని పుండ్లు, నల్లబడే వేళ్లు. అందరూ అక్కడిదాకా పోరు, చాలామందికి నడక నొప్పి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. సిగరెట్ మానకపోతే మాత్రం ముదిరే ప్రమాదం ఎక్కువ. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్లకు నొప్పి లేకుండా నేరుగా పుండే కనిపించొచ్చు.

నిఘంటువుల పిచ్చోడు: మూడో దశకి ‘సలుపు’ పెట్టండి. రాత్రి నిద్రపోనివ్వని నొప్పికి అంతకన్నా మంచి మాట లేదు.

పద్యప్రియుడు: సలుపు అంటే చేయు. పూజ సలిపెను.

నిఘంటువుల పిచ్చోడు: పుండు సలుపుతోందంటే పుండు పూజ చేస్తోందనా? రెండు అర్థాలూ ఉన్నాయి మహాశయా. డాక్టరు గారి దశలు చదివాక నాకు ఇంకో సందేహం: పద్యంలో మూర్ఛ వచ్చాక తనువు డస్సడమేమిటి? ముందు డస్సాలి కదా?

పద్యప్రియుడు: ఏనుగు కేస్ షీట్ రాయడం లేదు, మొర పెట్టుకుంటోంది. ప్రాణం పోయేవాడు వరసలో చెబుతాడా?

డాక్టరు: దానిదీ కాలే కదా. మొసలి పట్టిన కాలు :)

కరపత్రం రాస్తున్నామె: రేపు ప్రింటుకిచ్చేయాలి. ‘పిక్క పట్టేయడం’ అని ఉంచేయనా?

కొత్త సభ్యుడు: అసలు పద్యంలో ‘దనువున్’ కదా? మాట మొదటి క చ ట త ప లు గ స డ ద వ లుగా మారే గసడదవాదేశం వస్తుంది.

పద్యప్రియుడు: ‘దనువున్’ సరే, కానీ ‘వచ్చెన్’ చివర ద్రుతం (న్) ఉంది బాబూ. ద్రుతం వల్ల త ద అయితే అది సరళాదేశం. గసడదవ కావాలంటే పక్కనే ‘ఠావుల్ దప్పెను’ చూసుకో.