అరకు ఘాట్‌కు ఎలక్ట్రిక్ సైకిల్: కొత్తది కొనాలా, పాతదానికే మోటారు బిగించాలా?

తీరంరోడ్డు (ప్రశ్న):
నేను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాను. నా వయసు 51, బరువు 82 కిలోలు. ఏడు గేర్ల సైకిల్‌పై ఆదివారాలు భీమిలి దాకా వెళ్లి రావడం అలవాటు. మోకాలి నొప్పి మొదలయ్యాక సింహాచలం కొండ రోడ్డు మానుకున్నాను కానీ, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరాలన్న కోరికను మానుకోలేకపోయాను. వెనుక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు, 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న కొత్త సైకిల్‌ను దుకాణంలో చూశాను. ఒక్క ఛార్జింగ్‌తో 60 కిలోమీటర్లు వస్తుందని అమ్మే అతను చెబుతున్నాడు. దాన్ని కొనడమా, లేక నా పాత సైకిల్‌కే మోటారు కిట్ బిగించుకోవడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఘాట్ ఎక్కినవారు చెప్పగలరా?

పాతచైను:
ఆ 60 కిలోమీటర్ల మాట బీచ్ రోడ్డు వంటి చదును దారికి, అదీ మీరు బాగా తొక్కితేనే నిలుస్తుంది. ఘాట్‌కు బ్యాటరీని కిలోమీటర్లలో కాక ఎక్కే ఎత్తులో లెక్కించాలి. మీరు, సైకిల్, సామాను కలిపి 110 కిలోలు అనుకుందాం. అంత బరువును వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చడానికి చక్రం దగ్గర దాదాపు 300 వాట్ అవర్లు కావాలి. మోటారులో వేడిగా పోయేది కలిపితే బ్యాటరీ నుంచి 400 దాకా లాగుతుంది. మీరు చూసిన బ్యాటరీలో ఉన్నది 360 (36 × 10) మాత్రమే. శృంగవరపుకోట నుంచి ఘాట్ పైభాగంలోని గాలికొండ దాకా ఎక్కేది వెయ్యి మీటర్ల పైమాటే కాబట్టి, మోటారు మీదే భారం వేస్తే మధ్యలోనే తోసుకుంటూ నడవాల్సి వస్తుంది. సగం పని మీ కాళ్లు చేస్తే 200 చిల్లరతో సరిపోతుంది. అందుకే విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా ఉన్న 50 కిలోమీటర్ల చిల్లర చదునులో అసిస్ట్ (మోటారు సాయం) ఆపేసి, లేదా అతి తక్కువలో పెట్టి, ఛార్జంతా కొండకు దాచుకోవడమే ఉపాయం. కోటలో టిఫిన్ చేస్తూ ఛార్జింగ్ పెట్టుకోవచ్చని అనుకుంటారేమో, 2 ఆంపియర్ల ఛార్జరు గంటకు ఇచ్చేది 75 వాట్ అవర్ల వరకే.

ఇక గేర్లు. వాట్ల గురించి అడిగేవారే గానీ గేరు చక్రాల పళ్ల గురించి అడిగేవారు కనబడరు. ముందు 42 పళ్లు, వెనుక అతి పెద్దది 28 పళ్లు ఉన్న 26 అంగుళాల సైకిల్‌పై, నిమిషానికి 70 సార్లు తొక్కితే వేగం గంటకు 13 కిలోమీటర్లు. ఆ వేగంతో 8 శాతం వాలు ఎక్కాలంటే 300 వాట్లకు పైగా కావాలి. మోటారూ మీరూ కలిసినా అది చాలాసేపు సాగదు. ముందు 36, వెనుక 34 పళ్ల ఫ్రీవీల్ (వెనుక గేరు చక్రాల గుత్తి) వేయిస్తే అదే తొక్కుడుకు వేగం 9 కిలోమీటర్లకు తగ్గి, దాదాపు 230 వాట్లతో పని జరిగిపోతుంది. మోకాలికి మీరు చేయగల మేలు ఇదే. అయితే వెనుక గేరు మార్చే డీరైలర్ 34 పళ్లను అందుకుంటుందో లేదో ముందే చూపించుకోండి.

మలుపుమెకానిక్:
పాతచైను గారి లెక్కతో ఏకీభవిస్తాను కానీ, హబ్ మోటారుకే ఆగిపోవడంతో మాత్రం కాదు. హబ్ మోటారు గేర్లను వాడుకోదు. చక్రం నెమ్మదిస్తే అదీ నెమ్మదించి, తిన్న కరెంటులో మునుపటికన్నా ఎక్కువ భాగాన్ని వేడిగా మారుస్తుంది. పెడల్ ఇరుసు దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మోటారు చైను ద్వారా లాగుతుంది కాబట్టి చిన్న గేరులోనూ హాయిగా తిరుగుతుంది. మీ పాత సైకిల్ పెడల్ ఇరుసు గొట్టం వెడల్పు మామూలు 68 మిల్లీమీటర్లైతే కిట్ సులువుగా కూర్చుంటుంది. టార్క్ సెన్సార్ ఉన్న కిట్ తీసుకుంటే మీరు ఎంత బలంగా తొక్కితే మోటారూ అంత సాయం చేస్తుంది; చౌక రకాల్లో పెడల్ తిరిగిందా లేదా అన్నదే చూస్తారు. నష్టం ఏమిటంటే చైను, వెనుక పళ్లు త్వరగా అరుగుతాయి.

అంగడిలో 500, 750 వాట్ల కిట్లు చూపి ఊరిస్తారు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అది దాటితే మీది సైకిల్ కాదు, మోటారు వాహనం. 36 వోల్టుల కంట్రోలర్‌కు (మోటారుకు కరెంటు అందించే పెట్టె) 48 వోల్టుల బ్యాటరీ కలిపే పనీ వద్దు. నిండా ఛార్జయిన 48 వోల్టుల బ్యాటరీ 54.6 వోల్టులు ఇస్తుంది, దానికి కంట్రోలర్ కాలిపోవచ్చు.

దిగుడుబండి:
ఎక్కడం గురించే అందరూ మాట్లాడుతున్నారు. ఎక్కేటప్పుడు పోసిన శక్తిలో చాలా భాగం దిగేటప్పుడు బ్రేకుల మీదే పడుతుంది. తనలోనే చిన్న గేర్లున్న హబ్ మోటారుకు, చక్రం మోటారును తిప్పకుండా వదిలేసే ఫ్రీవీల్ లోపల ఉంటుంది కనుక దిగుడులో బ్యాటరీ నిండుతుందన్న ఆశ పెట్టుకోకండి. తొలిసారి దిగినప్పుడు కేబుల్ డిస్క్ బ్రేకు లీవరు హ్యాండిల్‌ను తాకేదాకా వచ్చి, రోడ్డు పక్కన అరగంట కూర్చున్నాను. ఆ తరువాత 180 మిల్లీమీటర్ల డిస్కు, హైడ్రాలిక్ బ్రేకులు వేయించాను. లీవర్లు మార్చేటప్పుడు బ్రేకు నొక్కగానే మోటారును ఆపే స్విచ్ ఉన్నవే అడగండి; మెకానిక్కులు దాన్ని వదిలేస్తుంటారు.

తీరంరోడ్డు:
అందరికీ ధన్యవాదాలు. కొత్త సైకిల్ ఆలోచన మానుకున్నాను. ముందుగా ఫ్రీవీల్, ముందు చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) మాత్రమే మార్పించి, మోటారు లేకుండానే సింహాచలం రోడ్డు సగం దాకా ఎక్కాను, మోకాలు ఊరుకుంది. వచ్చే నెల 250 వాట్ల మిడ్ డ్రైవ్ కిట్, 48 వోల్టుల 14 ఆంపియర్ అవర్ బ్యాటరీ బిగిస్తాను. ఫ్రేము అల్యూమినియందే, దాని వల్ల ఇబ్బంది ఉందా?

మలుపుమెకానిక్:
మిడ్ డ్రైవ్‌కు లేదండీ. చక్రం ఇరుసు తిరిగిపోయి ఫ్రేము చీలే బెడద హబ్ మోటార్లకే, దానికి టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ) వేయాలి. కిట్ కొనేముందు అది 48 వోల్టుల రకమేనని చూసుకోండి.