కాలిఫోర్నియాలో సగం సగం కస్టడీ: ఆర్‌ఎస్‌యూలను ఛైల్డ్ సపోర్ట్‌లో ఎలా లెక్కిస్తారు?

పాప ఒక వారం నా దగ్గర, ఒక వారం వాళ్ల నాన్న దగ్గర ఉంటుంది. టైమ్‌షేర్, అంటే పాప ఒక్కొక్కరి దగ్గర ఉండే సమయం, సరిగ్గా 50 శాతం. నా జీతం నెలకు 8,500 డాలర్లు, ఆయనది 14,000. ఆయనకు మూడు నెలలకోసారి ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు) కూడా వెస్ట్ అవుతాయి, అంటే ఆయన చేతికొస్తాయి. రోజులు సమానమైనా ఆదాయం ఎక్కువున్నవాళ్లే ఛైల్డ్ సపోర్ట్ (పాప పోషణకు నెలనెలా ఇచ్చే డబ్బు) కట్టాలి, అందులో మాకు పేచీ లేదు. ఆఫ్టర్‌స్కూల్ ఫీజు ఆదాయాల నిష్పత్తిలో పంచుకుంటున్నాం.

రాష్ట్ర ప్రభుత్వ కాలిక్యులేటర్‌లో పన్నులు, ఇన్సూరెన్స్ ప్రీమియంతో సహా అన్నీ వేసి చూశాను. ఆర్‌ఎస్‌యూలు కలిపితే ఒక అంకె, తీసేస్తే చాలా తక్కువ. షేరు ధర పడిపోతే నెలనెలా అంత కట్టలేనని ఆయన అంటున్నారు. అదీ నిజమే, కానీ పూర్తిగా వదిలేస్తే పాపకు అన్యాయం.

మీ కోర్టు ఆర్డర్‌లో ఆర్‌ఎస్‌యూలను నెలసరి ఆదాయంలో సగటున కలిపారా, లేక జీతం మీద సపోర్ట్ వేసి, వెస్ట్ అయినప్పుడల్లా ఆస్లర్-స్మిత్ పద్ధతిలో కొంత శాతం ఇప్పించారా?