బఠానీ చేలో వుడ్ పిజన్లు (అడవి పావురాలు): డికాయ్ (ఎర) బొమ్మలు పెట్టినా దిగడం లేదు, ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఉంటున్నాను. పక్క రైతు బఠానీ మొలకల్ని వుడ్ పిజన్లు తలలు తుంచి పోతున్నాయి. కొట్టమని ఆయనే అన్నాడు, నాకు షాట్‌గన్ సర్టిఫికెట్ ఉంది. శనివారం చేను నడిమధ్యన డజను ప్లాస్టిక్ బొమ్మలు పెట్టి మూడు గంటలు కూర్చున్నా. దగ్గరిదాకా వచ్చి పక్కకి తిరిగిపోతున్నాయి. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: నడిమధ్యన పెట్టారు కదా, అక్కడే పోయింది. ముందు రోజు తుపాకీ లేకుండా కారులో కూర్చుని చూడండి. ఏ చెట్ల వరస మీదుగా వస్తున్నాయి, ఏ మూల దిగుతున్నాయి? హైడ్ (మీరు దాక్కునే చాటు) ఆ దారి కిందే వేయాలి. గాలి మీ వీపుకు తగలాలి. పావురం ఎదురుగాలికి దిగుతుంది కాబట్టి నేరుగా మీ ముందుకే వస్తుంది. బొమ్మల్ని గుర్రపు నాడాలా పరిచి మధ్యలో ఖాళీ వదలండి. ఆ ఖాళీ మీకు 20-25 గజాల్లో ఉంటే చాలు. బొమ్మలు గాలివైపే చూడాలి, కానీ బడిలో ప్రార్థన లైనులా వద్దు, కొన్నిటిని కాస్త అటూ ఇటూ తిప్పండి.

ఇంకోటి, మెరుపు. నా మొదటి బొమ్మలు మంచు తడికి స్టీలు గిన్నెల్లా మెరిశాయి, పిట్టలు దూరం నుంచే రెక్క వంచి వెళ్లిపోయాయి. మొదట పడిన పిట్టలనే గడ్డం కింద పుల్ల ఆనించి నిలబెట్టండి. అంతకు మించిన దీమం (ఎర పిట్ట) లేదు.

మరో జవాబు: ఇంగ్లండ్‌లో ఇలాంటి పిట్టల్ని కొట్టడానికి అనుమతిచ్చే జీఎల్42 జనరల్ లైసెన్స్ చదివారా? సరదా వేటకు కాదది, పంట నష్టం ఆపడానికి. చప్పుళ్లు, దిష్టిబొమ్మల్లాంటివి పనిచేయవని తేలితేనే తుపాకీ. వుడ్ పిజన్‌లాగే కనిపించే స్టాక్ డవ్ అనే పావురాన్ని మాత్రం కొట్టకూడదు, దానికి మెడ మీద తెల్ల మచ్చ ఉండదు. కానీ ఆ మచ్చ ఒక్కటే చూస్తే మోసపోతారు, వుడ్ పిజన్ పిల్లలకీ అది ఉండదు. ఎగిరేటప్పుడు రెక్క మీద తెల్ల పట్టీ కనిపిస్తేనే ట్రిగ్గర్.

ప్రశ్న అడిగినవారు: బొమ్మల్ని ఎగురుతున్నట్టు మోటారుతో తిప్పే మాగ్నెట్ అనే పరికరం కొననా?

మొదటి జవాబు ఇచ్చినవారు: ఇప్పుడే వద్దు. బాగా లాగుతుంది గానీ, కాల్పులు అలవాటైన పిట్టలు దాన్ని చూసే బెదురుతాయి. మా నాన్నకి దాని వీడియో పంపితే "మంచె ఎక్కి ఒడిసెల తిప్పితే పోయేదానికి ఇంత ఖర్చా?" అన్నాడు!

ప్రశ్న అడిగినవారు: చూసొచ్చాను. అన్నీ తూర్పు మూల ఓక్ చెట్టు మీదుగానే వస్తున్నాయి. నేను కూర్చున్న చోటికి అది 300 గజాలు.