బ్యాంకాక్ నుంచి రెండు రోజులకి ఏ దీవికి వెళ్ళాలి? అమ్మకి మోకాలి నొప్పి

సుఖుమ్‌విత్ అమ్మాయి:

నమస్తే అండీ అందరికీ. మేం బ్యాంకాక్ వచ్చి ఏడాది దాటింది, ఇప్పటిదాకా ఆఫీసు, ఇల్లు, బీటీఎస్ రైలు తప్ప పెద్దగా ఏమీ చూడలేదు. జనవరి ఆఖర్లో అమ్మా నాన్నా వస్తున్నారు, మూడు వారాలుంటారు. అమ్మకి అరవై నాలుగు, పోయినేడాది కుడి మోకాలికి ఆపరేషన్ అయింది, నిదానంగా నడుస్తుంది గానీ మెట్లంటే ఇబ్బంది. మాది మెట్ట ప్రాంతం, రైల్లోంచి దూరంగా చూడ్డమే తప్ప అమ్మ ఇంతవరకూ సముద్రంలో కాలు పెట్టలేదు, ఫోన్ చేసినప్పుడల్లా "మీకక్కడ సముద్రం దగ్గరేనా" అని అడుగుతుంది. అందుకే ఎలాగైనా ఒక రాత్రి దీవి మీద ఉండేలా తీసుకెళ్ళాలని నా కోరిక.

మా ఇద్దరికీ శనాదివారాలే సెలవు, తప్పదంటే సోమవారం కూడా పెట్టుకోగలం. బాబుకి ఆరేళ్ళు. ఫ్లైట్ వద్దనుకుంటున్నాం. కో లాన్, కో సమెత్, కో సీచాంగ్, కో చాంగ్ అని నాలుగు పేర్లు రాసుకున్నా, మా ఆఫీసులో థాయ్ అమ్మాయి సమెత్ అంటుంది, మావారి ఫ్రెండేమో కో చాంగ్ చూడకపోతే దండగ అంటున్నారు. నీళ్ళు తేటగా ఉండి, అలలు తక్కువగా ఉండి, నడక తక్కువైతే చాలు మాకు. ఇంకోటి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు, తిండి సంగతి కూడా కాస్త చెప్పండి.

ఎకమాయ్ పాతకాపు:

దీవి అందం సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు మీ ఇంటి గుమ్మం నుంచి ఇసుక దాకా అమ్మగారు ఎన్నిసార్లు ఎక్కి దిగాలో లెక్కేసుకోండి. ఆపరేషనైన మోకాలికి దూరం పెద్ద బాధ కాదు, కారులో కాళ్ళు చాపుకుని మూడు గంటలు కూర్చోవచ్చు, బాధంతా ఎక్కడం దిగడంలోనే.

ఆ లెక్కన కో చాంగ్ ఇప్పటికి వదిలేయండి. చాలా మంచి దీవి, కొండా అడవీ జలపాతాలూ అన్నీ ఉంటాయి, థాయ్‌లాండ్‌లో ఫుకెట్, సముయి తర్వాత అదే పెద్దది, కానీ త్రాత్ అనే ఊరి దాకానే మూడొందల కిలోమీటర్ల పైన, బస్సులో ఐదారు గంటలు, ఆ తర్వాత ఫెర్రీ, దిగాక మళ్ళీ కొండ ఎక్కి దిగే రోడ్డు మీద ఇంకో బండి. రెండ్రోజుల్లో వెళ్ళొస్తే మీకు గుర్తుండేది రోడ్డే. నాలుగు రోజులు దొరికినప్పుడు వెళ్ళండి, అప్పుడు దానికి సాటి లేదు.

మీకు సరిపడేది సమెతే. రయోంగ్ దగ్గర బాన్ ఫే అనే రేవు నుంచి బోటు. బ్యాంకాక్ నుంచి బాన్ ఫే సుమారు రెండొందల కిలోమీటర్లు, ఎకమాయ్ బస్టాండ్ నుంచి నేరుగా బస్సులున్నాయి, బీటీఎస్ ఎకమాయ్ స్టేషన్ దిగితే పక్కనే, మూడున్నర నాలుగు గంటలు పడుతుంది. కానీ మీరు ఐదుగురు, సామాను, పైగా మోకాలు, కాబట్టి పెద్ద కారు మాట్లాడుకోండి, ఇంటి దగ్గర ఎక్కితే రేవులో దిగడమే. రేవు నుంచి పెద్ద చెక్క బోటు అరగంట ముప్పావుగంటలో నా డాన్ జెట్టీకి చేరుస్తుంది, అక్కడ కాంక్రీటు జెట్టీ మీదే దిగుతారు, అది ముఖ్యం. అక్కణ్ణుంచి సాయ్ కేవ్ బీచ్ మామూలుగా పది నిమిషాల నడక, అమ్మగారికైతే సాంగ్‌తావ్ ఎక్కించండి, అదే, వెనకాల రెండు బెంచీలుండే ఆకుపచ్చ రంగు పికప్ బండి. దాని వెనక మెట్టు ఎత్తు బాగా ఎక్కువ, డ్రైవర్ పక్క సీటు అడిగి అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టండి.

సాయ్ కేవ్ అంటే గాజు ఇసుక అని అర్థం. పేరుకి తగ్గట్టే ఇసుక తెల్లగా, పిండిలా ఉంటుంది, పొడిగా ఉన్నచోట నడిస్తే కాలి కింద కీచుమంటుంది, మీ బాబు దానితోనే ఒక పూట గడిపేస్తాడు. తీరం ఏటవాలు తక్కువ, చాలాదూరం మోకాళ్ళ లోతే ఉంటుంది. జనం ఎక్కువ, రాత్రి పాటల గోల కూడా ఉంటుంది, అందుకని బీచ్‌కి రెండు చివర్లలో ఏదో ఒకవైపు గది చూసుకోండి. గోల అస్సలు వద్దంటే కిందకి వాంగ్ డువాన్, అర్ధచంద్రంలా వంపు తిరిగిన తీరం, అదీ బాగుంటుంది.

శుక్రవారం సాయంత్రం మాత్రం బయల్దేరొద్దు. ఊరు దాటేసరికే తల ప్రాణం తోకకొస్తుంది, రేవు చేరేసరికి పెద్ద బోట్లు అయిపోతాయి. నా మొదటి ట్రిప్పులో సరిగ్గా అదే జరిగింది, ఆ రాత్రి రేవు ఎదురుగా ఉన్న లాడ్జిలో పడుకుని కిటికీలోంచి దీవి మీద దీపాలు చూస్తూ గడిపాం. శనివారం ఉదయం ఆరింటికి కదలండి, పదకొండుకల్లా ఇసుక మీద ఉంటారు.

పాత మేడల పిచ్చి:

పైవారు చెప్పింది సబబే గానీ నాన్నగారి సంగతి కూడా ఆలోచించండి, చరిత్ర మీద ఇష్టముంటే కో సీచాంగ్‌ని కొట్టిపారేయొద్దు. బ్యాంకాక్‌కి ఇదే దగ్గర, సి రాచా రేవు నుంచి ముప్పావుగంట ఫెర్రీ. ఐదో రామ రాజు చులాలోంగ్‌కోర్న్ వేసవి విడిది ఇక్కడే కట్టించుకున్నాడు, 1893లో ఫ్రెంచివాళ్ళు సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) మీదకొచ్చి ఈ దీవిని పట్టుకున్నాక రాజుగారు ఇక్కడికి రావడం మానేశారు. సగం కట్టిన ఒక టేకు మేడని ఊడదీసి 1900 ప్రాంతంలో బ్యాంకాక్ తీసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టారు, అదే విమన్‌మేక్ మేడ. ఇప్పుడక్కడ చెట్ల నీడలో పాత బంగళాలు, సముద్రంలోకి పొడుచుకెళ్ళిన తెల్లటి చెక్క వంతెన ఉన్నాయి. సాయంత్రంపూట ఆ వంతెన చివర నిలబడితే దూరంగా సరుకు ఓడలు లంగరేసుకుని బారులుగా కనబడతాయి, మా నాన్నగారు గంటసేపు కదల్లేదు.

స్నానానికి మాత్రం సమెత్‌తో పోటీ లేదు, ఈదడానికి పనికొచ్చే తీరం థామ్ ఫాంగ్ ఒక్కటే, మిగతాదంతా రాళ్ళు. కాబట్టి అమ్మగారి కోరికకి సమెత్, నాన్నగారికోసం ఇంకో ఆదివారం పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేలా సీచాంగ్ పెట్టుకోండి, మూడు వారాలున్నారుగా.

ఇద్దరు పిల్లల తల్లి:

కో లాన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. పట్టాయాలో బాలి హాయ్ రేవు నుంచి పెద్ద ఫెర్రీ ముప్పై బాట్, నలభై ఐదు నిమిషాలు, ఇంతకంటే చవగ్గా తేట నీళ్ళు దొరకవు. కానీ శనాదివారాల్లో అక్కడి తావేన్ బీచ్ తిరునాళ్ళే, కుర్చీకి కుర్చీ ఆనుకుని ఉంటుంది, స్పీడ్ బోట్లు తీరం దాకా దూసుకొస్తాయి, పిల్లాణ్ణి ఒక్క క్షణం వదల్లేం. పనిరోజు వెళ్ళగలిగితే ఓకే, వీకెండ్ అయితే వద్దు.

అన్నట్టు స్పీడ్ బోట్ గురించి గట్టిగా చెప్పాలి. సమెత్‌కి పదిహేను నిమిషాల్లో తీసుకెళ్తాం అని రేవులో వెంటపడతారు. మేం మా అత్తయ్యగారితో అలాగే ఎక్కాం, ముందు సీట్లో కూర్చోబెట్టారు, అల మీద పడ్డప్పుడల్లా బోటు ముక్కు పైకి లేచి దబ్బున పడుతుంది, ఆ దెబ్బ నేరుగా నడుంకే. పైగా చేరాక జెట్టీ కాకుండా తీరం దగ్గరే ఆపి దిగమన్నారు, నిచ్చెన మీంచి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి, చీర తడిసి ఆవిడ బెదిరిపోయారు, ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. తప్పు మాదే, అడగలేదు. మీరు గది బుక్ చేసేటప్పుడే హోటల్ వాళ్ళని రెండు అడగండి, బోటు ఎక్కడ దింపుతుంది, రిసెప్షన్ నుంచి గదికి ఎన్ని మెట్లు. కింద అంతస్తు గది అని రాతపూర్వకంగా మెసేజ్ పెట్టించుకోండి.

సమెత్ నేషనల్ పార్క్ కిందకి వస్తుంది (1981 నుంచి), విదేశీయులకి పెద్దవాళ్ళకి 200 బాట్, పిల్లలకి 100, ఆ టికెట్ పారేయొద్దు. పార్కుల్లో కొన్ని రకాల సన్‌స్క్రీన్లు 2021 నుంచి నిషేధం, పగడాలు చచ్చిపోతున్నాయని. డబ్బా వెనక ఆక్సిబెంజోన్ గాని ఆక్టినాక్సేట్ గాని ఉంటే ఇంట్లో పెట్టేసి రండి, జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనుక్కోండి, లేదా పిల్లాడికి పొడుగు చేతుల ఈత చొక్కా వేసేస్తే గొడవే లేదు. నాన్నగారికి సిగరెట్ అలవాటుంటే బీచ్‌లో వద్దని ముందే చెప్పండి, జరిమానా లక్ష బాట్ దాకా ఉంది. ఒక చిన్న వెనిగర్ సీసా బ్యాగ్‌లో పడేసుకోండి, జెల్లీ ఫిష్ తగిలితే రుద్దకుండా, మంచినీళ్ళు పోయకుండా వెనిగర్ పోసి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

తిండికి "జే" అనే మాట నేర్చుకోండి. పసుపు జెండా మీద ఎర్రగా, మన కంటికి 17 అంకెలా కనబడే అక్షరాలుంటే అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మామూలు హోటల్లో అయితే కూరగాయలు అని చెప్పినా చేప సాస్ పోసేస్తారు, "మై సాయ్ నామ్ ప్లా" అనండి, చేప సాస్ వేయొద్దని. దీవి మీద జే బోర్డు దొరుకుతుందని నమ్ముకోవద్దు. మేం మొదటిరోజుకి పులిహోర, రెండోరోజుకి చపాతీలు, కారప్పొడి పట్టుకెళ్తాం. అన్నం, పళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి.

సుఖుమ్‌విత్ అమ్మాయి:

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ, నిజంగా కళ్ళు తెరిపించారు, నేను బీచ్ ఫొటోలు పోల్చుకుంటూ కూర్చున్నా తప్ప మెట్ల గురించి ఆలోచించనే లేదు. సమెత్ ఫిక్స్. సోమవారం కూడా సెలవు పెట్టేశాం, శనివారం పొద్దున్నే కారులో వెళ్ళి రెండు రాత్రులుండి సోమవారం వస్తాం. సాయ్ కేవ్ చివర్లో కింద అంతస్తు గది, రిసెప్షన్‌కి రెండే మెట్లు అని హోటల్ వాళ్ళు ఫొటో కూడా పంపారు. సీచాంగ్ గురించి నాన్నకి చెప్తే ఇప్పుడే ఆ రాజు కథ చదవడం మొదలెట్టారు.

ఒక్క సందేహం, అమ్మ నీళ్ళలోకి దిగడానికి ఏ టైమ్ మంచిది? భయపడుతుందేమోనని.

ఎకమాయ్ పాతకాపు:

ఆదివారం పొద్దున ఆరున్నరకి. జనవరిలో సూర్యుడు ఇంచుమించు అప్పుడే వస్తాడు, సాయ్ కేవ్ తూర్పు ముఖం కాబట్టి ఎదురుగానే కనబడతాడు, బీచ్ ఖాళీగా ఉంటుంది, బోట్ల చప్పుడు ఉండదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి నీళ్ళ అంచున, అల వచ్చి పాదాల్ని తాకి వెళ్ళేచోట వేసి కూర్చోబెట్టండి. కాసేపటికి ఆవిడే లేస్తారు. లేచినప్పుడు మీరు పక్కనే ఉండి చెయ్యి పట్టుకోండి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీదే నడిపించండి, పొడి ఇసుకలో కాలు దిగబడి మోకాలు మెలిపడుతుంది.

బోటు దిగేటప్పుడు కూడా తొందరపడకండి. అందరూ ఒక్కసారి తోసుకుని దిగుతారు, మీరు కూర్చునే ఉండండి, ఆఖర్న దిగితే బోటు కుర్రాళ్ళే వచ్చి చెయ్యి అందిస్తారు.