అన్యభాషలు, స్వస్థతలు ఇప్పటికీ ఉన్నాయా? మీ అనుభవం చెప్పండి

కందుకూరు_కుర్రోడు:
అందరికీ వందనాలు. మాది తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. పెళ్లయ్యాక మా ఆవిడ వాళ్ల పెంతెకోస్తు సంఘానికి వెళ్తున్నా. అందరూ ఒకేసారి అన్యభాషల్లో (నేర్చుకోకుండానే పరిశుద్ధాత్మ పలికిస్తాడనే భాషల్లో) ప్రార్థిస్తుంటే నేనొక్కణ్ణే కళ్లు తెరిచి ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంటా. ఆ వరాలు అపొస్తలులతోనే ఆగిపోయాయంటాడు నాన్న. మామగారేమో "అభిషేకం ఇంకా రాలేదా అబ్బాయ్?" అని ప్రతివారం అడుగుతారు, అంటే నాకూ అన్యభాషలు వచ్చాయా అని. టెన్షన్‌గా ఉంది.

గుండ్లకమ్మ_గట్టు:
మీ నాన్నగారు పట్టుకునేది బైబిల్లో పౌలు రాసిన 1 కొరింథీ 13:8. భాషలు నిలిచిపోతాయని అక్కడ ఉన్న మాట నిజమే. ఎప్పుడు? "పూర్ణమైనది" వచ్చినప్పుడు. అది బైబిలు పూర్తవడం అని వాళ్లంటారు. 12వ వచనంలో ముఖాముఖిగా చూస్తామని ఉంది కాబట్టి అది ప్రభువు రాకడే అని నాకనిపిస్తుంది. అంటే ఆగిపోలేదు. కానీ మీ మామగారికి 14:27, 28 కూడా చూపించండి. ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ వంతుల చొప్పున. అర్థం చెప్పేవాళ్లు లేకపోతే సంఘంలో మౌనం. మీరు చెప్పినట్టు అందరూ ఒకేసారి అంటే ఈ లెక్కకు కుదరదు. ఇంకోటి, 12:30లో "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని పౌలే అడుగుతాడు. రాలేదని మీరు దిగులు పడక్కర్లేదు.

కావలి_సిస్టర్:
భాషల సంగతి నాకు తెలియదు, స్వస్థత గురించి చెప్తా. ఒక కూడికలో మా అమ్మ తలమీద చెయ్యిపెట్టి, "షుగర్ పోయింది, ఇక మాత్రలతో పనిలేదు" అన్నారు. అమ్మ స్టేజీ ఎక్కి సాక్ష్యం కూడా చెప్పింది. మాత్రలన్నీ బియ్యం డబ్బాలో దాచేసింది. నేను నర్సును, నాకే తెలియనివ్వలేదు! చెప్పు కరిచిన చోట పుండయింది, నెల తిరిగేసరికి కాలి బొటనవేలు తీసేశారు. "నీ విశ్వాసం చాల్లేదు" అన్నారు వాళ్లు. ఆ మాటకే అమ్మ ఎక్కువ ఏడ్చింది.
అయినా ప్రార్థన మానలేదు. యాకోబు 5:14లో ఉన్నట్టు ఇప్పటి పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి నూనె రాచి ప్రార్థిస్తారు. రాగానే ఆయన అడిగేది, "మాత్ర వేసుకున్నావా అమ్మా?"

గుండ్లకమ్మ_గట్టు:
సిస్టర్, తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే పౌలు అతన్ని మిలేతులో వదిలి వెళ్లాడు (2 తిమోతి 4:20). విశ్వాసం చాల్లేదని అనలేదు. అమ్మగారికి ఈ మాట చదివి వినిపించండి.

ఒంగోలోడు:
1878 జూలై 3న మా ఒంగోలు పక్క గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతకుముందు కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి ఇప్పించాడు. గంజి కోసం చేరుతున్నారని అనిపించుకోకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. మా నాయనమ్మ అద్భుతమంటే ఇదే చెప్పేది.

కందుకూరు_కుర్రోడు:
థాంక్యూ అన్నా, అక్కా. ఆదివారం మామగారి దగ్గర 14:27 తీస్తా. అదీ చేపల పులుసు తిన్నాకే.